కన్నాల డాక్టరు

పొట్నూరు ప్రమోద్‌కి మనుషులంటే చులకన. ఆమదాలవలసలో స్టేషనుకి పోయే రోడ్డు మీద వాళ్ల నాన్న సీతారామారావుకి బియ్యం కొట్టు ఉండేది. ఆ గోనెసంచుల మధ్య పుట్టి పెరిగినవాడు కొట్టుని ఈసడించుకున్నాడంటే అర్థముంది. వీడు అంతటితో ఆగలేదు. తండ్రి కట్టే ముతక పంచెను ఈసడించుకున్నాడు. రైలు దిగి కొట్టుకొచ్చి, నాలుగు గింజలు నోట్లో వేసుకుని పటపటా కొరికి చూసి గానీ బేరం మొదలుపెట్టని పల్లెటూరి జనాన్ని ఈసడించుకున్నాడు. వాళ్ల మాటనీ యాసనీ ఈసడించుకుని, 'ఏటి' అన్న ముక్క తన నోట రాకూడదని బడిలో చదువుకునే రోజుల్లోనే ఒట్టు పెట్టుకున్నాడు. పుట్టినూరి మాట నోట్లోంచి ఊసేసినవాడు ఇంకేం బాగుపడతాడని మీరడగొచ్చు. బాగానే బాగుపడ్డాడు, చూద్దురుగాని.

అన్నిటికన్నా ఎక్కువగా వాడు ఈసడించుకున్నది తన చేతుల్ని. ఎండాకాలమైనా, వానాకాలమైనా, పుష్యమాసపు చలిలోనైనా అరచేతులు తడిగానే ఉండేవి. కాసేపు ఊరుకుంటే వేళ్ల కొసల నుంచి బొట్లు జారేవి. పరీక్ష రాస్తే కాగితం చిరిగేది, పలకమీద రాస్తే అక్షరం చెరిగేది. కబడ్డీలో ఎవడి చెయ్యి పట్టుకున్నా వాడు ఛీ అని విదిలించుకునేవాడు.

ఒకరోజు పార్వతీపురం వైపు నుంచి నరసింగరావనే పెద్ద వ్యాపారి సరుకు కొనడానికొచ్చాడు. ఆయనకి మచ్చు చూపించమని తండ్రి ప్రమోద్‌ని పురమాయించాడు. మచ్చంటే ఏమీ లేదు, బస్తాలోంచి గుప్పెడు బియ్యం తీసి అరచేతిలో పోసి చూపించడమే. వీడు తీశాడు, చెయ్యి చాపాడు. నరసింగరావు రెండు వేళ్లతో గింజల్ని కదిపాడు. అవి అరచేతికి అంటుకుపోయి కదల్లేదు. ఆయన లేచి కండువా దులుపుకున్నాడు. తడిసిన సరుకుని ఎండినదని అంటగడుతున్నారని ఆయన అనుమానం. సీతారామారావు వెనకాలే పరుగెత్తి, సరుకు తడి కాదు బాబూ, మావాడి చెయ్యే తడి అని బతిమాలి, కొడుకుని జబ్బపట్టి లాక్కొచ్చి ఆ చెయ్యి తుడిచి చూపించాడు. తుడిచిన చెయ్యి వాళ్లు చూస్తుండగానే మళ్లీ చెమర్చింది. కొట్లో బస్తాలు మోసే కళాసీలు, కొనడానికొచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఆ చెయ్యి ముట్టుకుని చూసి పగలబడి నవ్వారు. బేరం కుదిరింది. ఆ సాయంత్రం తండ్రి మంచి మనసుతోనే కొడుకుని దగ్గర కూర్చోబెట్టుకుని, "నువ్వింక మచ్చు తియ్యకురా నాయనా, సదువుకో" అన్నాడు.

చదువుకున్నాడు. లోకంలో కొందరు పేరు కోసం డాక్టర్లవుతారు, కొందరు పెద్దవాళ్ల పోరు పడలేక అవుతారు. వీడు చేతి తొడుగుల కోసం అయ్యాడు. ఆపరేషను గదిలో అందరి చేతులకీ తొడుగులుంటాయి, ఎవడి చెయ్యి తడో ఎవడి చెయ్యి పొడో ఎవడికీ తెలీదు. తొడుగుల్లో చెమట నిలిచి చర్మం నానిపోయినా వాడికి అదే సుఖంగా ఉండేది.

మద్రాసులో ఛాతీ ఆపరేషన్లు నేర్చుకున్నాడు. పాత పద్ధతిలో ఛాతీ తెరవడమంటే మాటలు కాదు. వీపు నుంచి రొమ్ము కిందిదాకా కోసి, పక్కటెముకల మధ్య ఇనుప మర పెట్టి తిప్పి విడదీస్తారు. రోగం నయమైనా ఆ నొప్పి నెలల తరబడి వదలదు. కొత్త పద్ధతిలో చంక కింద రెండో మూడో చిన్న కన్నాలు వేస్తారు. ఒక దాంట్లోంచి కెమెరా, మిగతావాటిలోంచి పొడుగాటి సన్నని పనిముట్లు లోపలికి పంపి, టీవీలో చూస్తూ పని కానిస్తారు. ఈ విద్యలో ప్రమోద్ చెయ్యి మంచిది. మనిషి ఎలాంటివాడైనా ఉన్నమాట ఒప్పుకోవాలి. ఊపిరితిత్తి మీద పేరుకున్న చీముపొరని వాడు ఒలుస్తుంటే పక్కన నిలబడ్డవాళ్లు మెడలు చాచి చూసేవారు.

అక్కడే ఒక పెద్దాయన దగ్గర ఇంకో ఆపరేషను నేర్చుకున్నాడు. వెన్ను పక్కన, పక్కటెముకల తలల మీదుగా ఒక నరం పోతుంది. చేతుల్లో చెమట పుట్టించేది అదే. చంకలో కన్నం వేసి దాన్ని కత్తిరిస్తే అరచేతులు జన్మలో చెమర్చవు. అది చూసిన రోజున ప్రమోద్ తొడుగులు విప్పేసి, తడి చేతులు ఆయనకి చూపించి, నాకూ చెయ్యండి సార్ అని అడిగాడు. జీవితంలో వాడు ఒకరిని బతిమాలింది అదొక్కసారే.

పెద్దాయన చెయ్యనన్నాడు. ఆ నరం తెగితే చెమట చావదు, మకాం మారుస్తుందని చెప్పాడు. అరచేతిలో ఆరిపోయి వీపులో, పొట్ట మీద, తొడల మధ్య మొదలవుతుంది. కొందరికి కొద్దిగా, కొందరికి కట్టిన బట్ట పిండుకునేంత. ఎవరికెంతన్నది ముందుగా ఏ డాక్టరూ చెప్పలేడు. తెగిన నరాన్ని ఏ డాక్టరూ అతికించలేడు. టేబులు దగ్గర గంటల తరబడి నిలబడాల్సిన సర్జన్‌కి ఇది పనికిరాదు, వెళ్లు అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఈ సంగతి రోగికి విప్పి చెప్పకుండా కన్నం వేసినవాడు డాక్టరు కాడు, దొంగ. ప్రమోద్ తల ఊపి తొడుగులు వేసుకున్నాడు.

రెండు వేల పదకొండులో శ్రీకాకుళం వచ్చాడు. సొంత జిల్లాకి సేవ చెయ్యడానికి వచ్చానని అందరికీ చెప్పుకున్నాడు. మద్రాసులో పెద్ద ఆస్పత్రులవాళ్లు వాడి నోటిదురుసుకి దణ్ణం పెట్టి పంపేశారన్నది చెప్పుకోలేదు. ఆస్పత్రుల వీధిలో మేడ తీసుకుని, కోత లేకుండా ఛాతీ ఆపరేషన్లు అని బోర్డు కట్టించాడు. కోత లేదు గానీ కోతలకి లోటు లేదు. ఈ మూడు జిల్లాల్లో నాలాంటివాడు లేడు, మిగతావాళ్లంతా కసాయివాళ్లు అని పక్క మేడలో ఉన్న ముసలి సర్జన్‌కి వినబడేట్టు అనేవాడు.

జనం ఆ బోర్డు చదివి పక్క మేడకే పోయారు. వాళ్ల లెక్క వాళ్లది. ఆపరేషనంటే కొయ్యాలి. కోసినంతసేపూ బయట నిలబడి ఏడవాలి. లోపల్నుంచి తీసింది పళ్లెంలో పెట్టి బయటికి తెచ్చి చూపించాలి. తర్వాత ఆరునెలలు మంచం మీద ఉండాలి, చూడ్డానికొచ్చినవాళ్లకి చొక్కా ఎత్తి కోత చూపించుకోవాలి. ఇవేవీ లేకుండా ఆపరేషనేమిటి?

పొందూరు వైపు నుంచి ఒక నేతపనివాడు వచ్చాడు. క్షయ ముదిరి ఛాతీలో చీము గట్టిపడి, మెట్టెక్కితే ఆయాసంతో కూలబడిపోతున్నాడు. ప్రమోద్ అద్భుతంగా చేశాడు. బయటికొచ్చేసరికి ఆ రోగి బావమరిది అడ్డం నిలబడి, తీసిందేటి, సూపించండి అన్నాడు. చీము గొట్టంలో లాగేశాం, పొర ముక్కలు ముక్కలుగా వచ్చిందని నర్సు లీలారాణి సీసా తెచ్చి చూపించింది. మిషనాసుపత్రిలో పని నేర్చిన మనిషి, ఓపికగానే చెప్పింది. బావమరిది ఆ సీసాని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు. రెండోనాడు పొద్దున్న రోగి తనంతట తాను లేచి వరండాలో నడిచాడు. దాంతో బావమరిది అనుమానం రూఢి అయిపోయింది. నిజంగా ఆపరేషనైతే మనిషి నడుస్తాడేటి? పొందూరు బస్సెక్కిన దగ్గర్నుంచి దిగేదాకా ఒకటే మాట చెప్పుకుంటూ పోయాడట. ఆ డాక్టరు మనోడికి కన్నమేసి పంపీసినాడు, అంతే.

మన భాషలో కన్నం వేసేవాడంటే ఎవడో అందరికీ తెలుసు. ఆస్పత్రుల వీధి చివర టీ బడ్డీ దగ్గర ఆ మాట పడి పేలింది. కన్నాల డాక్టరు అన్న పేరు స్థిరపడిపోయింది. రిక్షావాడు కూడా కన్నాల డాక్టరు దగ్గరికా అని అడిగి నవ్వేవాడు. ప్రమోద్‌కి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి తల్లి కమలాదేవి మీద విరుచుకుపడేవాడు. ఈ గొర్రెల మందకి వైద్యం కాదు, కత్తి కావాలి, చాకిరేవు బండ కావాలి అని అరిచేవాడు. నిజానికి ఆ జనమూ తెలివైనవాళ్లేం కాదు, బాగుచేసినవాణ్ణి దొంగన్నారు. కానీ అప్పటికి వాడు దొంగ కాదు.

అట్లా ఈగలు తోలుకుంటున్న రోజుల్లో దాలయ్య వచ్చాడు. దాలయ్య సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చి, నాగావళి ఇసుకలో తెల్లారగట్ల కుర్రాళ్లని పరుగెత్తించి ఆర్మీ సెలక్షన్‌కి తయారు చేసే మనిషి. ఈ రెండు జిల్లాల్లో ఇంటికొక్కడు ఆ పరుగులో ఉంటాడు. వెంట గంగరాజనే కుర్రాణ్ణి తెచ్చాడు. నిలువెత్తు మనిషి, గుర్రంలా పరుగెత్తుతాడు. పరుగు, గెంతు, కన్ను, చెవి పరీక్షలన్నీ దాటాడు. ఆఖర్న మెడికల్లో డాక్టరు వాడి చెయ్యి పట్టుకుని చూసి, చెమట చేతులని తీసేశాడు. దీనికేమైనా వైద్యముందా బాబూ అని దాలయ్య అడిగాడు. గంగరాజు రెండు చేతులూ ముందుకి చాపాడు.

ప్రమోద్ ఆ చేతుల్ని చూశాడు. వీటిని ఎరుగుదును అనుకున్నాడు. జాలి కలిగిందని రాస్తే అబద్ధం. వాడికి కలిగింది రోత. కొట్లో అందరూ వంతులేసుకుని ముట్టుకున్న చెయ్యి ఎదురుగా వచ్చి నిలబడినట్టు రోత పుట్టింది. "చిన్న కన్నం. చంకలో. వెంట్రుకల్లో కనబడదు కూడా" అన్నాడు.

దాలయ్య కళ్లు పెద్దవయ్యాయి. ఆపరేషను మచ్చ కనబడితే ఆర్మీ డాక్టరు దానికీ తీసేస్తాడు. కనబడదా? కనబడదు. మెడికల్లో చొక్కా విప్పినా? విప్పినా. అంతే, ఈ ఊళ్లో ఇన్నాళ్లకి కన్నానికి గిరాకీ దొరికింది. కోత లేదని నవ్విన జనానికే ఇప్పుడు కోత కనబడకపోవడం కావాల్సి వచ్చింది. అన్నేళ్ల చదువు, అంత మంచి చెయ్యి, చివరికి చంకలో దాచుకునే పనికి కుదురుకుంది. ప్రమోద్ చంకలు గుద్దుకున్నాడు.

గంగరాజు టేబులు మీద చేతులు రెండూ పైకెత్తి పడుకున్నాడు. టీవీలో తెల్లటి నరం కనబడింది. అది తెగిన కాసేపటికే లీలారాణి కుర్రాడి అరచెయ్యి ముట్టుకుని, వెచ్చగా అయింది సార్, ఎండిపోయింది అని చెప్పింది. ప్రమోద్ తొడుగుల్లో తన చేతులు ఎప్పటిలాగే నానుతున్నాయి. నిద్రలో ఉన్న ఆ పల్లెటూరి కుర్రాడి మీద వాడికి అసూయ పుట్టింది. అంతలోనే, వీడికేం తెలుసు వీడి వీపు సంగతి అనుకున్నాడు. అనుకున్నాడు గానీ నోరు విప్పలేదు. ముందూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు.

చెబితే ఏమవుతుందో వాడికి తెలుసు. దాలయ్య మళ్లీ రాడు. బోర్డు మళ్లీ ఈగలకి. అందుకని వాడొక సాకు తయారు చేసుకున్నాడు. వీళ్లకి చెబితే మాత్రం అర్థమవుతుందా? పళ్లెంలో ముక్క చూపించమనే జనానికి నరాలూ చెమటలూ ఏం చెబుతాం? ఈ చులకన ఎంత వీలుగా ఉంటుందో చూడండి. ఎదుటివాణ్ణి గొర్రె అనుకుంటే చాలు, ఇక వాడికి ఏదీ చెప్పనక్కర్లేదు.

హుద్‌హుద్ తుఫాను వచ్చి చెట్లు పడగొట్టి పోయేనాటికి కన్నాల డాక్టరు వెటకారం పోయి బిరుదైపోయింది. ఆర్మీ సెలక్షన్ ర్యాలీ ఉందంటే ముందు నెల వరండా నిండా కుర్రాళ్లే. అందరూ అరచేతుల్ని ప్యాంటుకి రుద్దుకుంటూ బెంచీల మీద కూర్చునేవారు. ప్రమోద్ ఎవడి చేతినీ తన చేత్తో పట్టుకునేవాడు కాదు. తొడుగు వేసుకునే చూసేవాడు. పెద్ద డాక్టరు గదా, శుభ్రం అనుకునేవారు. షేక్‌హ్యాండ్ ఇవ్వబోయేవాళ్లకి దణ్ణం పెట్టేవాడు. సంస్కారం అనుకునేవారు. ముసలి సర్జన్ కూడా ఆ వరండా చూసి నోరెళ్లబెట్టాడు.

గంగరాజు ట్రైనింగుకి పోయినవాడు ఏడాది తిరక్కుండానే తిరిగొచ్చాడు. ఒక మధ్యాహ్నం ఆస్పత్రికొచ్చి నిలబడితే, ఆ చొక్కా చెరువులో ముంచి తొడిగినట్టుంది. ప్యాంటు నడుం కింద నల్లగా తడిసి కనబడుతోంది. ట్రైనింగులో వీపు మీద మూట ఎత్తుకుంటే పట్టీల కింద చర్మం ఒరుసుకుపోయి పుళ్లు పడ్డాయి, ఎండలో నడిపిస్తే ఒంట్లో నీరంతా పోయి పడిపోయాడు, పనికిరావని పంపేశారు. రాత్రి పడుకుంటే చాప తడుస్తోంది, పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. ఇదంతా వాడు నెమ్మదిగా చెప్పాడు. మీరేదైనా సెయ్యగలరేమోనని వొచ్చాను బాబూ అన్నాడు.

"నువ్వు అడిగింది చేతులు. చేతులు ఎండాయా, లేదా?" అన్నాడు ప్రమోద్.

"ఎండినాయి బాబూ."

"మరింకేం? పౌడరు రాసుకో" అని తరవాతివాణ్ణి పిలిచాడు. గంగరాజు కాసేపు అక్కడే నిలబడ్డాడు. కుర్చీలో కూర్చోలేదు, తడవుతుందని కాబోలు. తర్వాత వెళ్లిపోయాడు. గచ్చు మీద పడ్డ తడిని లీలారాణి గుడ్డ తెచ్చి తుడిచింది. ప్రమోద్ ఆవిడ మొహం చూడలేక వేరే గదిలోకి పోయాడు. మర్నాడు మామూలుగానే ఇద్దరు కుర్రాళ్లకి కన్నాలు వేశాడు.

రెండు వేల పదహారులో, ఒక ర్యాలీకి ముందు, చీపురుపల్లి నుంచి వాళ్ల అక్క రాధిక దిగింది. బెల్లం వ్యాపారంలో ఉన్న ఇంటికి కోడలైన మనిషి. ప్రమోద్‌కి ఆ బెల్లం కొట్టన్నా, బావన్నా, వాళ్లింట్లో ఈగలన్నా చులకనే, ఏళ్లు గడిచినా గుమ్మం తొక్కలేదు. రాధికకి అది తెలుసు, మనసులో పెట్టుకుంది. వెంట కూతురు హైమని తీసుకొచ్చింది. ఆ పిల్ల ఎచ్చెర్ల దగ్గర ఒక కాలేజీలో చదువుతోంది. ఆ ఏడు కాలేజీలో వేలిముద్ర మిషను పెట్టారు. పొద్దున్నే వేలు పెడితేనే హాజరు. హైమ వేలు పెడితే గాజు మీద నీళ్లు తప్ప ముద్ర పడటం లేదు. మిషను లెక్కన ఆ పిల్ల కాలేజీకే రావడం లేదు. వెనక వరసలో నిలబడ్డవాళ్లు తుడుచుకో తుడుచుకో అని అరుస్తున్నారు. అదీ మేనమామ చెయ్యి, మేనమామ పోలికే.

జిల్లా అంతటికీ సేత్తన్నావు, నీ మేనకోడలికి సెయ్యి అంది రాధిక.

 ప్రమోద్ హైమ వీపుని, ఆ పిల్ల వేసుకున్న లేతరంగు చుడీదార్‌ని చూశాడు. గంగరాజు చొక్కా కళ్లముందు కనబడింది. ఇరవయ్యేళ్ల పిల్ల జన్మంతా తడిబట్టలతో బతకాలి. వద్దనాలి. ఎందుకు వద్దో మాత్రం చెప్పకూడదు. సగం తలుపు అవతల వరండాలో కుర్రాళ్లున్నారు, మొదటి బెంచీలో ఆ పూటే ఆపరేషనున్న అప్పలసూరి అనేవాడు కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఇక్కడ అన్న ప్రతి మాటా అక్కడికి వినబడుతుంది. కారణం చెబితే కన్నాల వ్యాపారం అక్కడితో సరి, చెప్పకపోతే పిల్లని ఇంకెవడో కోస్తాడు. ఇదీ వాడికొచ్చిన చిక్కు, వాడు తెచ్చుకున్నదే.

మొదట వయసు చిన్నదన్నాడు. ఇరవై నిండినాయి అంది రాధిక. కెమెరా బాగోలేదన్నాడు. పొద్దున్న ఇద్దరికి సేసినావని నర్సమ్మ సెప్పింది అంది. సొంతవాళ్లకి డాక్టర్లు చెయ్యకూడదన్నాడు. నాన్నకి పుండు కోసింది నువ్వు కాదేటి అంది. ప్రమోద్ గొంతు పెంచి, నాకు తీరికలేదు వెళ్లండి అనేశాడు. రాధిక కుర్చీ వెనక్కి తోసి లేచింది. బెల్లం కొట్టోళ్లమని మేమంటే నీకు లోకువని, నీ సెయ్యి బయటోళ్లకే గాని మాకు పనికిరాదని, విశాఖపట్నంలో ఇదే ఆపరేషను సేసే డాక్టరు ఉన్నాడని, సోమవారం రమ్మన్నాడని, నిన్ను దేబిరించడానికొచ్చిన నా బుద్ధికి సెప్పు దెబ్బ అనీ అనాల్సినవన్నీ అని, కూతురి రెక్క పట్టుకుంది.

హైమ కదల్లేదు. మేనమామ చేతులకేసి చూస్తోంది. బల్ల మీద ఆయన చేతులున్న చోట గాజు పలక తడిసి చారలు కట్టింది. తొడుగులు వేసుకోవడం మరిచిపోయాడు.

"నీ సేతులూ నా సేతుల్లాగే గదా మావయ్యా. ఇంతమందికి సేసినావు. నువ్వెందుకు సేయించుకోనేదు?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న వాణ్ణి అడిగినవాళ్లు లేరు. అడిగేంత దగ్గరికి వాడు ఎవర్నీ రానివ్వలేదు. అబద్ధం కోసం వెతుక్కున్నాడు, దొరకలేదు. సోమవారం, విశాఖపట్నం అన్న మాటలు చెవిలో మోగుతున్నాయి.

"చేయించుకుంటే ఒళ్లంతా కారుతుందే" అన్నాడు. మొదలుపెట్టాక ఆగలేకపోయాడు. చేతుల్లో ఆగిన చెమట వీపులోకి పోతుంది, పొట్టలోకి పోతుంది, మళ్లీ తిప్పడం ఎవడివల్లా కాదు, చేతులు తడిగా ఉంటే తుడుచుకోవచ్చు, ఒళ్లు తుడుచుకుంటూ ఎంతకని బతుకుతావు, మా గురువు నాకు చెయ్యనన్నాడు, నువ్వు విశాఖపట్నం వెళ్లావంటే నా మీద ఒట్టే అని గడగడా చెప్పేశాడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అప్పటికి గానీ వాడికి వరండాలో చడీచప్పుడూ లేదన్నది తెలియలేదు.

రాధిక సగం తలుపుకేసి చూసింది. తమ్ముడికేసి చూసింది. మరి ఆళ్లకి సెప్పినావేటిరా అని అడిగింది. జవాబు కోసం ఆగలేదు, ఆ మొహంలోనే కనబడింది. ఛీ అని, కూతుర్ని ముందు నడిపించుకుని బయటికి పోయింది.

ఆవిడ వెనకాలే వరండా ఖాళీ అయిపోతుందని ప్రమోద్ అనుకున్నాడు. తల వంచుకుని కూర్చున్నాడు. తిడతారు, బల్లలు విరగ్గొడతారు, పోలీసుల దగ్గరికి పోతారు అనుకున్నాడు. ఎవరూ లేవలేదు. అప్పలసూరి ఒక్కడు సగం తలుపు తోసుకుని లోపలికొచ్చి, తన వంతు ఎప్పుడని అడిగాడు.

"విన్నావు కదా" అన్నాడు ప్రమోద్.

"కొత్తగా యినేదేటుంది బాబూ? గంగరాజు మా ఊరోడే. తడిసిన సొక్కా ఏసుకుని మా కళ్లెదురుగానే తిరుగుతన్నాడు. మాకు తెల్దనుకున్నారేటి?"

తెలిసే వచ్చారట, తెలిసే చేయించుకుంటున్నారట. గంగరాజు తర్వాత ఆ ఊరి నుంచీ చుట్టుపక్కల నుంచీ వచ్చిన ప్రతివాడికీ తెలుసు. అందరికీ గంగరాజంత కారదు, కొందరికి కొద్దిగానే ఉంది, తన అదృష్టం ఎలా ఉంటే అలా అని అప్పలసూరి సంతలో దూడ సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు. వాడికి ఈ ఏడుతో వయసు దాటిపోతుంది. మెడికల్లో చేతులే చూస్తారు, వీపెవడూ చూడడు. చేతులు ఎండితే ఉద్యోగమొస్తుంది, రాకపోతే ఎలాగూ ఇటుకబట్టీలో చెమటోడ్చాల్సినవాడే. ప్రమోద్ వింటూ కూర్చున్నాడు. అర్థం కాదని తాను ఒక్క ముక్క చెప్పని మనుషులు, తనకన్నా ముందే అంతా తూకం వేసుకుని వచ్చి ఆ బెంచీల మీద కూర్చున్నారు. నోరు మూసుకుని ఇన్నాళ్లూ తాను కాపాడుకున్న గుట్టు, ఆ వరండాలో ఎవడికీ గుట్టు కాదు.

"తెలిస్తే ఒక్కడూ నన్ను అడగలేదెందుకు?" అన్నాడు.

"మీరు సెప్తారా సెప్పరా అని సూసినాం. ఊళ్లో పందేలు కూడా ఏసుకున్నాం. మా ఊరి నుంచి ఎంతమంది వొచ్చినారో, ఒక్కడికీ సెప్పనేదు. నేను మాత్రం సెప్తారనే ఏసినాను. అంత సదివిన మనిషి, నిన్న జాయినైనప్పుడో, ఇయ్యాల పొద్దున్నో సెప్తాడనుకున్నాను." అప్పలసూరి హైమ పోయినవైపు ఒకసారి చూశాడు. "ఓడిపోనాను బాబూ. మీ మేనకోడలికైతే సెప్పినారు."

ప్రమోద్ కుర్చీలోంచి లేచాడు. చూడు అప్పలసూరీ, ఈ ఆపరేషను చేస్తే చెమట అని మొదలుపెట్టాడు, మద్రాసులో పెద్దాయన నేర్పిన వరసలోనే, ఒక్కో మాటా నిదానంగా. అప్పలసూరి వినలేదు. అప్పటికే చొక్కా విప్పేసి, రెండు చేతులూ పైకెత్తి చంకలు చూపించాడు.

"ఇప్పుడెందుకు బాబూ అయ్యన్నీ? కన్నం సిన్నదెయ్యండి, సాలు."